కరెంటు అమ్మే కంపెనీకే పొదుపు లక్ష్యం పెడితే: ఆ నిబంధనలు ఎలా నడుస్తాయి, లెక్క ఎక్కడ తప్పుతుంది

మీరు అడిగినవి క్లుప్తంగా ఇవి: "కొన్ని దేశాల్లో విద్యుత్ కంపెనీలు ఏటా ఇంత శాతం కరెంటు ఆదా చేయించాలని చట్టం ఉందట. అమ్ముకునేవాడిని అమ్మకం తగ్గించుకోమంటే ఎందుకు వింటాడు? 1% లాంటి లక్ష్యంతో ఒరిగేదేముంది? ఆదా అయిందని ఎలా తేలుస్తారు? భారతదేశంలో ఇలాంటిది ఉందా?"

ఆదా చేశామని కంపెనీలు సమర్పించే లెక్కలను తనిఖీ చేసే పనిలో చాలా ఏళ్లు గడిపాను. అందుకే చట్టం పాఠం గురించి తక్కువ, దాని వెనక నడిచే లెక్కల గురించి ఎక్కువ రాస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చట్టంలో రాసిన శాతం చూసి మురిసిపోనక్కర్లేదు, పెదవి విరవనూ అక్కర్లేదు. చూడాల్సినవి రెండు. అమ్మకం తగ్గితే కంపెనీ జేబుకు చిల్లు పడుతుందా లేదా అన్నది మొదటిది. ఆదా అయిన యూనిట్‌ను ఎవరు, దేనితో పోల్చి లెక్కగడుతున్నారన్నది రెండోది. ఈ రెండూ సరిగ్గా లేనిచోట ఎంత పెద్ద లక్ష్యమైనా కాగితం మీద నెరవేరిపోతుంది, మీటరు మాత్రం ఎప్పటిలాగే తిరుగుతుంది.

ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. కంపెనీ మీద పెట్టే పొదుపు బాధ్యతలు రెండు రకాలు. ఒకటి, కంపెనీ సొంత గడపలోని పొదుపు: బొగ్గు ప్లాంటు ఒక్కో యూనిట్‌కు వాడే ఇంధనం తగ్గించడం, లైన్ లాస్‌లు తగ్గించడం, వేడెక్కి నష్టపోయే పాత ట్రాన్స్‌ఫార్మర్లు మార్చడం. ఇందులో గొడవ తక్కువ. తగ్గిన ప్రతి యూనిట్ కంపెనీకే మిగులుతుంది కాబట్టి చట్టం కాస్త తోస్తే చాలు. రెండోది, వినియోగదారుడి ఇంట్లో, ఫ్యాక్టరీలో, పొలంలో జరిగే పొదుపు. మీ ప్రశ్న దీని గురించే. చిక్కంతా ఇక్కడే.

చిక్కు ఎంత పెద్దదో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. కంపెనీ యూనిట్‌ను 10 రూపాయలకు అమ్ముతోందనుకోండి (లెక్క తేలికగా ఉండటానికి పెట్టిన అంకె). అందులో 6 రూపాయలు కరెంటు కొనడానికో, ఇంధనానికో పోతాయి. మిగతా 4 రూపాయలు స్తంభాలు, తీగలు, సబ్‌స్టేషన్లు, జీతాలు, అప్పు మీద వడ్డీ, లాభం. ఈ 4 రూపాయల్లోని ఖర్చులు మీరు లైటు వేసినా ఆర్పినా మారవు. ఇప్పుడు మీరు ఒక యూనిట్ తగ్గించారు. కంపెనీకి ఆదాయం 10 తగ్గింది, ఖర్చు 6 మాత్రమే తగ్గింది. ఆ 4 రూపాయల లోటు నేరుగా లాభంలోంచే పోతుంది.

ఆ కంపెనీ ఏడాదికి 10 కోట్ల యూనిట్లు అమ్ముతోంది, ఆదాయం 100 కోట్లు, లాభం అందులో 5%, అంటే 5 కోట్లు అనుకుందాం. వినియోగం 1% తగ్గితే 10 లక్షల యూనిట్లు పోయాయి. యూనిట్‌కు 4 చొప్పున 40 లక్షల నష్టం. 5 కోట్ల లాభంలో అది 8%. అమ్మకం ఒక్క శాతం తగ్గితే లాభం ఎనిమిది శాతం ఎగిరిపోయింది. తిరగేసి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది: 1% ఎక్కువ అమ్మగలిగితే లాభం 8% పెరుగుతుంది. ఇలాంటి కంపెనీ చేతికి పొదుపు ప్రచార బాధ్యత ఇస్తే ఏం జరుగుతుంది? బ్రోషర్లు అందంగా వస్తాయి, పాఠశాలల్లో చిత్రలేఖనం పోటీలు జరుగుతాయి, అంతే. ఆ అధికారులు చెడ్డవాళ్లని కాదు. వాళ్ల జీతం పెరిగే దారి ఒకవైపు, చట్టం చూపించే దారి ఇంకోవైపు.

ఈ ముడి విప్పడానికి పనికొచ్చిన మార్గాల్లో అన్నిటికన్నా పాతది, నా దృష్టిలో మెరుగైనది డీకప్లింగ్, అంటే కంపెనీ ఆదాయానికీ అమ్మకాలకూ ఉన్న లంకె తెంపడం. కాలిఫోర్నియా 1978లో గ్యాస్ కంపెనీలకు, 1982లో విద్యుత్ కంపెనీలకు దీన్ని అమలు చేసింది. నియంత్రణ మండలి కంపెనీకి ఏడాదికి ఎంత ఆదాయం రావాలో ముందే తేలుస్తుంది. అమ్మకాలు అంచనా కన్నా తగ్గి ఆదాయం తక్కువ పడితే, వచ్చే ఏడాది టారిఫ్ కొద్దిగా పెంచి ఆ లోటు పూడుస్తారు. అమ్మకాలు అంచనా దాటి ఆదాయం ఎక్కువైతే, ఆ మిగులు వినియోగదారులకు తిరిగి ఇవ్వాలి. ఎక్కువ అమ్మితే వచ్చే లాభం లేదు, తక్కువ అమ్మితే పోయేదీ లేదు.

ట్రూఅప్ అన్న మాట వింటేనే తెలుగువాళ్లకు ఒళ్లు మండుతుందని తెలుసు. ఇదీ ఒక రకం ట్రూఅప్పే. కాకపోతే మన బిల్లుల్లో కనిపించేది ఎక్కువగా ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు. డీకప్లింగ్‌లో సర్దుబాటు చేసేది అమ్మకాల హెచ్చుతగ్గుల వల్ల స్థిర ఖర్చుల రాబడిలో వచ్చే తేడాను, అదీ రెండువైపులా. వినియోగదారులు గట్టిగా అడగాల్సింది ఆ రెండో వైపు గురించే. ఎండలు మండిపోయి ఏసీలు ఎడాపెడా తిరిగిన ఏడాది మిగులు నిజంగా వెనక్కి వచ్చిందా? రాని చోట అది డీకప్లింగ్ కాదు, కంపెనీకి బీమా.

ఇంకో దారి, పొదుపు పనిని కంపెనీ చేతిలోంచి తీసేసి వేరే సంస్థకు ఇవ్వడం. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో 2000లో మొదలైన ఎఫిషియెన్సీ వెర్మాంట్ అలాంటిదే. డబ్బు కరెంటు బిల్లు మీద చిన్న చార్జీ రూపంలో వస్తుంది, ఆ సంస్థ అమ్మేది పొదుపు మాత్రమే. చిన్న రాష్ట్రానికి ఇది బాగా కుదిరింది. పెద్ద చోట్ల ఇబ్బందేమిటంటే, ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే లైను) మీద లోడు పెరుగుతోంది, ఎవరి మీటరు ఎలా తిరుగుతోంది అన్న సమాచారం కంపెనీ దగ్గరే ఉంటుంది, బయటి సంస్థకు అది అంత తేలిగ్గా చేతికి రాదు. కొన్ని రాష్ట్రాలు లక్ష్యం దాటిన కంపెనీకి, ఆ పొదుపు వల్ల ఒరిగిన నికర ప్రయోజనంలో కొంత వాటా బోనస్‌గా ఇస్తాయి. అదీ పనిచేస్తుంది, కానీ బోనస్ ఉన్నచోట లెక్కలు ఉబ్బుతాయి. ఆ సంగతి కింద రాస్తాను.

ఇలాంటి చట్టాలు పర్యావరణ ప్రేమతో పుట్టాయని చాలామంది అనుకుంటారు. చాలాచోట్ల పుట్టింది అప్పుల భయంతో. అమెరికా వాయవ్య రాష్ట్రాల కథ చెప్తాను. 1970ల్లో అక్కడ డిమాండు విపరీతంగా పెరిగిపోతుందని అంచనాలు వేసి, వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్రభుత్వరంగ విద్యుత్ సంస్థల కూటమి ఐదు అణు ప్లాంట్లు తలకెత్తుకుంది. ఖర్చులు చేయిదాటిపోయాయి, అనుకున్న డిమాండు రాలేదు. ఐదింటిలో పూర్తయింది ఒక్కటే. 4, 5 నంబరు ప్లాంట్ల కోసం అమ్మిన 225 కోట్ల డాలర్ల బాండ్లు 1983లో ఎగవేతకు పోయాయి. మున్సిపల్ బాండ్ల చరిత్రలో అప్పటికి అదే అతిపెద్ద ఎగవేత. పుట్టని ప్లాంట్లకు కూడా ప్రజలే బిల్లుల్లో కట్టాల్సి వచ్చింది.

ఈ గందరగోళం మధ్యలోనే, 1980లో, అమెరికా కాంగ్రెస్ వాయవ్య ప్రాంతానికి ఒక విద్యుత్ చట్టం చేసింది. అందులో ఒక ఆలోచన నాకు ఇప్పటికీ చాలా నచ్చుతుంది: ఆదా చేసిన కరెంటు కూడా ఒక విద్యుత్ వనరే, ప్లాంటు లాగే. కొత్త డిమాండు తీర్చడానికి వనరులు ఎంచుకునేటప్పుడు మొదటి వరుస దానిదే. అంతేకాదు, ఖర్చు పోల్చేటప్పుడు పొదుపుకు 10% వెసులుబాటు ఇవ్వాలని కూడా రాశారు. అంటే కొత్త ప్లాంటు కన్నా పొదుపు 10% వరకు ఖరీదైనా పొదుపునే ఎంచుకోవచ్చు. వాషింగ్టన్, ఒరెగాన్, ఐడహో, మొంటానా రాష్ట్రాల ప్రతినిధులతో ఒక మండలి పెట్టి, ప్రాంతం మొత్తంలో ఎంత పొదుపు సాధ్యమో లెక్కగట్టే పని దానికి అప్పగించారు.

దీనికి కొనసాగింపుగా వాషింగ్టన్ రాష్ట్ర ఓటర్లు 2006 నవంబరులో ఒక చట్టాన్ని నేరుగా ఓటు వేసి నెగ్గించుకున్నారు. 25,000 మందికి పైగా వినియోగదారులున్న ప్రతి విద్యుత్ కంపెనీకీ అది వర్తిస్తుంది. అందులో పొదుపుకు శాతం లేదు! ఖర్చుకు తగినది, నమ్మదగినది, చేయగలిగినది అయిన పొదుపు ఎంత దొరికితే అంతా చేయించాలన్నదే నిబంధన. రానున్న పదేళ్లలో తన పరిధిలో ఎంత పొదుపు సాధ్యమో కంపెనీ లెక్కగట్టాలి, ఆ ప్రాంతీయ మండలి పద్ధతులకు అనుగుణంగా. అందులోంచి రెండేళ్లకో లక్ష్యం తీయాలి. రెండేళ్లకోసారి మళ్లీ లెక్కగట్టాలి. లక్ష్యం తప్పితే, తగ్గిన ప్రతి 1,000 యూనిట్లకు 50 డాలర్లు జరిమానా. ఆ 50 కూడా ద్రవ్యోల్బణంతో పాటు పెరుగుతుంది. ఆ జరిమానాను మళ్లీ వినియోగదారుల బిల్లులో వేసుకోవచ్చా లేదా అన్నది ఇలాంటి చట్టాల్లో ముఖ్యమైన ప్రశ్న. వేసుకోవచ్చంటే అది జరిమానా కాదు, ఇంకో పన్ను.

శాతాల దారి పట్టినవాళ్లూ ఉన్నారు. మొదట మొదలుపెట్టింది టెక్సస్, 1999లో. అప్పట్లో అక్కడ లక్ష్యం మొత్తం అమ్మకంలో భాగం కాదు, పెరిగే డిమాండులో 10%. మినెసోటా 2007లో ఏటా అమ్మకాల్లో 1.5% అంది. యూరోపియన్ యూనియన్ 2012 నాటి నిర్దేశంలో 2014 నుంచి 2020 వరకు ఏటా 1.5% అంది. 2023లో దాన్ని తిరగరాసి 2024, 2025ల్లో 1.3%, ఆ తర్వాత రెండేళ్లు 1.5%, 2028 నుంచి 2030 దాకా 1.9% అని మెట్లు కట్టింది. అక్కడ ఈ బాధ్యత మొదట దేశం మీద పడుతుంది. దేశం దాన్ని కంపెనీల మీద వేయొచ్చు, లేదా పన్నులతో, సబ్సిడీలతో తానే సాధించొచ్చు.

1% చిన్నదే కదా అన్నారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ శాతాలు ఏటా కొత్తగా చేయించాల్సిన ఆదా. ఈ ఏడాది పెట్టించిన మంచి మోటారు వచ్చే ఏడాదీ ఆదా చేస్తుంది, ఆ పై ఏడాదీ చేస్తుంది. పెట్టించిన పరికరాలు పదేళ్లు పనిచేస్తే, ఏటా 1% చొప్పున పదో ఏటికి దాదాపు 10% అవుతుంది. డిమాండు ఏటా 1% పెరిగే చోట ఇది పెరుగుదలనంతా మింగేస్తుంది, 6% పెరిగే చోట ఆరో వంతు మింగుతుంది. కాబట్టి 1% చిన్నదా పెద్దదా అన్నది ఆ చోటును బట్టే.

కాకపోతే ఆ "పదేళ్లు పనిచేస్తే" అన్న మాటలోనే కంపెనీలకు ఒక కిటికీ దొరికింది. చాలా చట్టాలు మొదటి ఏడాది ఆదానే లెక్కలోకి తీసుకున్నాయి. పది నెలల్లో అయిపోయే పనికీ, ఇరవై ఏళ్లు నిలిచే పనికీ ఒకటే మార్కు. అలాంటప్పుడు గోడలకు ఇన్సులేషన్ ఎవరు చేయిస్తారు? చౌకగా, వెంటనే అంకె చూపించే పనులే చేస్తారు. జీవితకాలపు ఆదాను లెక్కపెట్టే నిబంధన ఉందో లేదో చూస్తే చాలు, ఆ చట్టం రాసినవాళ్లకు ఈ పని తెలుసో లేదో నాకు అర్థమైపోతుంది.

ఇక అసలు విషయం, కొలత. అమ్మిన యూనిట్‌ను మీటరు కొలుస్తుంది. అమ్మని యూనిట్‌ను కొలిచే మీటరు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఈ కార్యక్రమం లేకపోతే ఈ ఇంట్లో ఎంత వాడి ఉండేవారు అన్నది ఎప్పటికీ ఊహే. దాన్నే బేస్‌లైన్ అంటారు. తగాదాలన్నీ దాని మీదే.

అన్నిటికన్నా చౌక పద్ధతి, ముందే ఒప్పుకున్న అంకె. ఒక బల్బు మారిస్తే ఏడాదికి ఇన్ని యూనిట్లు అని నియంత్రణ సంస్థ పట్టిక వేస్తుంది. కంపెనీ ఎన్ని బల్బులు పంచితే దానితో గుణించుకుంటుంది. ఇదెక్కడిదాకా పోతుందో బ్రిటన్ చూపించింది. అక్కడ 1994 నుంచీ ఇలాంటి బాధ్యతలు ఏదో ఒక పేరుతో నడిచాయి. 2008లో మొదలైన విడతలో, 50,000 ఇళ్లకు పైగా సరఫరా చేసే ప్రతి కంపెనీ మీదా లక్ష్యం పడింది. కంపెనీలకు తేలికైన దారి దొరికింది: సీఎఫ్ఎల్ బల్బులను పోస్టులో ఇళ్లకు పంపేయడం. ఎవరూ అడగలేదు, అయినా కవర్లు వచ్చిపడ్డాయి. బల్బు హోల్డర్‌లో ఉన్నా, వంటింటి సొరుగులో ఉన్నా పట్టిక ప్రకారం మార్కు మార్కే. ఆఖరికి 2010 జనవరి నుంచి అలా అడగకుండా పోస్టులో పంపడాన్ని నిషేధించారు. కంపెనీలు చట్టాన్ని ఉల్లంఘించలేదు సుమా. చట్టం లెక్కపెట్టమన్నదాన్నే లెక్కపెట్టాయి.

పరిశ్రమల్లో పట్టిక సరిపోదు, అక్కడ కొలవాలి. తనిఖీలో తరచూ తగిలే ఒక కేసు చెప్తాను. ఒక ఫ్యాక్టరీలో ఫ్యాను నడిపే 15 కిలోవాట్ల పాత మోటారు తీసి, మంచి సామర్థ్యం ఉన్న కొత్తది పెట్టారు. పాతదాని సామర్థ్యం 88%, కొత్తదానిది 93%. ఫుల్ లోడులో పాతది లాగేది 17.05 కిలోవాట్లు, కొత్తది 16.13. తేడా 0.92. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి సుమారు 8,000 యూనిట్లు ఆదా అని ఫైలు వస్తుంది. ఫైలు చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది, బిల్లు, నేమ్ ప్లేట్ ఫొటో, సంతకం.

అక్కడికి వెళ్లి చూస్తే ఆ ఫ్యాను ఏడాదంతా తిరగదు. లాగ్‌బుక్ ప్రకారం 4,000 గంటలు. ఆదా 3,700 యూనిట్ల దగ్గరికి దిగింది. క్లాంప్ మీటరు పెట్టి చూస్తే మోటారు మీద లోడు 60% మాత్రమే. ఇప్పుడు 2,200. ఇంతటితో అయిపోలేదు. సామర్థ్యం ఎక్కువున్న మోటార్లు సాధారణంగా కాస్త వేగంగా తిరుగుతాయి. పాతది నిమిషానికి 1,460 చుట్లు తిరిగితే కొత్తది 1,480 తిరిగిందనుకోండి. ఫ్యాను లాగే పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. ఆ 20 చుట్ల తేడాకే పవర్ 4% పెరుగుతుంది. మోటారు మార్చడం వల్ల మిగిలింది 5.4%. పుల్లీ మార్చి వేగాన్ని పాత స్థాయికి తేకపోతే, మిగులులో నాలుగింట మూడొంతులు గాలిలో కలిసిపోయినట్టే. గాలి ఎక్కువ వచ్చింది నిజమే, కానీ దాన్ని ఎవరూ అడగలేదు. ఇక తీసేసిన పాత మోటారు ఎక్కడుందని అడిగితే, పక్క షెడ్డులో ఇంకో ఫ్యానుకు బిగించి ఉంటుంది. ఇదంతా మోసం అనను. ఫైలు తయారుచేసిన ఇంజినీరు నేమ్ ప్లేట్ మీద ఉన్నదే రాశాడు. అందుకే పాత పరికరం స్క్రాప్ అయినట్టు సర్టిఫికెట్ అడగని కార్యక్రమాన్ని నేను నమ్మను.

మూడో పద్ధతి, ఇళ్ల బిల్లులను గుంపులుగా పోల్చడం. ఒక ఊళ్లో యాదృచ్ఛికంగా కొన్ని ఇళ్లు ఎంచి, "మీ ఇరుగుపొరుగు కన్నా మీరు ఇంత ఎక్కువ వాడుతున్నారు" అని ఉత్తరాలు పంపుతారు. మిగతా ఇళ్లకు పంపరు. రెండు గుంపుల బిల్లుల తేడాయే ఆదా. ఓపవర్ అనే సంస్థ అమెరికాలో లక్షల ఇళ్లతో ఇలా చేస్తే సగటున 2% దగ్గర తగ్గింది. చిన్న అంకె, కానీ నమ్మదగిన అంకె. చెప్పొచ్చేదేమిటంటే, నిజాయితీగా కొలిచిన 2% ముందు పట్టికల్లోని 15% తేలిపోతుంది.

ఇంజినీర్ల అంచనాకూ మీటరు చెప్పేదానికీ ఎంత దూరం ఉంటుందో 1980ల్లోనే ఒరెగాన్‌లోని హుడ్ రివర్ ప్రాజెక్టు తేల్చింది. కరెంటు హీటర్లున్న ఇళ్లకు ఇన్సులేషన్, కిటికీలకు అదనపు అద్దాలు, అన్నీ దాదాపు ఉచితంగా పెట్టించారు. జనం విరగబడి వచ్చారు, అర్హులైన ఇళ్లలో అత్యధిక భాగం చేరాయి. పని కూడా బాగానే జరిగింది. తీరా బిల్లులు చూస్తే అంచనా వేసిన ఆదాలో సగం కూడా రాలేదు. ఎందుకు? ఆ అణు ప్లాంట్ల పుణ్యమా అని అప్పటికే టారిఫ్‌లు పెరిగి, జనం హీటర్లు తగ్గించుకుని కట్టెల పొయ్యిలు వెలిగించుకుంటున్నారు. లేని వాడకాన్ని ఆదా చేయలేం కదా. ఆడిట్ చేసినవాళ్లు గోడ మందం కొలిచారు, ఆ ఇంట్లో నిజంగా ఎంత వాడుతున్నారో అడగలేదు.

ఇంకో తలనొప్పి ఉంది: ఎలాగూ కొనేవాళ్లు. మీరు ఎటూ ఫైవ్ స్టార్ ఫ్రిజ్ కొనాలనుకున్నారు, కంపెనీ రిబేటు ఇచ్చింది, తీసుకున్నారు. ఆ ఆదా కంపెనీ ఖాతాలో పడాలా? పడకూడదు. కానీ ఎవరు ఎలాగూ కొనేవాళ్లో ఎలా తేలుస్తారు? సర్వేలు చేస్తారు, జనం గుర్తున్నది చెప్తారు. యూరప్ ఒక శుభ్రమైన గీత గీసింది: కనీస ప్రమాణాల నిబంధన వల్ల ఎటూ జరిగేదాన్ని ఎవరి ఖాతాలోనూ వేయకూడదు. ఫ్లోరిడా ఇదే వాదనను ఇంకో కొసకు లాక్కెళ్లింది. రెండేళ్లలోపు పెట్టుబడి తిరిగొచ్చే పనిని జనం తామే చేసుకుంటారని చెప్పి, అలాంటివన్నీ లెక్కలోంచి తీసేసింది. అంటే అన్నిటికన్నా లాభసాటి పొదుపు పనులే జాబితాలో లేవు! దానికి తోడు, కార్యక్రమం వల్ల పాల్గొనని వినియోగదారుడి రేటు కాస్తయినా పెరుగుతుందా అన్న పరీక్ష పెట్టింది. అమ్మకం తగ్గితే స్థిర ఖర్చు తక్కువ యూనిట్ల మీద పడుతుంది కాబట్టి, ఈ పరీక్షలో దాదాపు ఏ పొదుపూ నెగ్గదు. 2014లో అక్కడి నియంత్రణ మండలి పెద్ద కంపెనీల లక్ష్యాలను 90%కి పైగా కోసేసింది. శాతం కన్నా పరీక్ష ముఖ్యం అని నేను పదేపదే అనేది ఇందుకే.

రాజకీయం గురించి ఒక్క పేరా చాలు. ఒహాయో రాష్ట్రం 2019లో ఒక బిల్లుతో అణు ప్లాంట్లకు సాయం ప్రకటించి, అదే బిల్లులో విద్యుత్ కంపెనీల పొదుపు లక్ష్యాలకు మంగళం పాడింది. ఆ బిల్లు వెనక ఒక విద్యుత్ సంస్థ నుంచి దాదాపు 6 కోట్ల డాలర్లు రాజకీయ ఖాతాల్లోకి వెళ్లాయని తేలి, శాసనసభ స్పీకర్‌గా ఉన్న ల్యారీ హౌస్‌హోల్డర్‌కు 2023లో 20 ఏళ్ల జైలుశిక్ష పడింది.

ఇప్పుడు భారతదేశం. నిబంధన ఉంది, కానీ ఎక్కువ బరువు మొదటి రకం మీద, అంటే కంపెనీ సొంత గడప మీద. 2001 ఇంధన పొదుపు చట్టం కింద 2002 మార్చిలో బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) ఏర్పడింది. 2012లో మొదలైన పాట్ (పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్) పథకం పెద్ద పరిశ్రమలకు, థర్మల్ ప్లాంట్లకు సామర్థ్య లక్ష్యాలు పెట్టింది. లక్ష్యం దాటినవాళ్లకు సర్టిఫికెట్లు, తప్పినవాళ్లు అవి కొనుక్కోవాలి. 2016లో మొదలైన రెండో విడతలో డిస్కంలనూ చేర్చి, లైన్ లాస్‌ల మీద లక్ష్యాలు పెట్టారు. 2020లో లైసెన్సు ఉన్న అన్ని డిస్కంలనూ చట్టం పరిధిలోకి తెచ్చారు. 2021 అక్టోబరులో వచ్చిన నిబంధనల ప్రకారం డిస్కంలు మూడు నెలలకోసారి ఎనర్జీ అకౌంటింగ్, ఏడాదికోసారి బయటి ఆడిటర్‌తో ఎనర్జీ ఆడిట్ చేయించాలి. పైకి పొడిగా కనిపించినా ఇది మంచి నిబంధన. ఏ ఫీడర్‌లోకి ఎంత వెళ్లింది, ఎంతకు బిల్లు పడింది అన్నది రాతపూర్వకంగా బయటికి రావడమే ఒక పెద్ద అడుగు.

రెండో రకం బాధ్యత, వినియోగదారుడి దగ్గర ఇంత శాతం ఆదా చేయించి తీరాలన్నది, దేశవ్యాప్తంగా డిస్కంల మీద లేదు. రాష్ట్రాల నియంత్రణ మండళ్లలో చాలావాటికి డీఎస్ఎం (వినియోగదారుల వైపు డిమాండు తగ్గించే) నిబంధనలు ఉన్నాయి. వాటికి నమూనాను రెగ్యులేటర్ల ఫోరం 2010లో తయారుచేసింది. ప్రణాళిక సమర్పించమంటాయి, ఖర్చు టారిఫ్‌లో రాబట్టుకోనిస్తాయి. ఇంత సాధించకపోతే ఇంత జరిమానా అన్న పదును మాత్రం వాటిలో తక్కువ. 2015లో మొదలై 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంచిన ఉజాలా విజయం నిజమే, కానీ దాన్ని నడిపింది ఈఈఎస్ఎల్ అనే ప్రభుత్వరంగ సంస్థ, డిస్కంల మీద పెట్టిన చట్టబద్ధ లక్ష్యం కాదు.

ఇక్కడ డిస్కంల లెక్క నేను పైన వేసిన 10 రూపాయల లెక్కలా ఉండదు. పరిశ్రమలు, వాణిజ్య సంస్థలు సరఫరా ఖర్చు కన్నా ఎక్కువ కడతాయి, వ్యవసాయం, చిన్న ఇళ్లు తక్కువ కడతాయి. పరిశ్రమలో ఒక యూనిట్ ఆదా అయితే డిస్కంకు గట్టి దెబ్బ. వ్యవసాయ మోటారు దగ్గర ఆదా అయితే డిస్కంకో, సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వానికో నేరుగా మిగులు. మరి పొదుపంతా పొలాల్లోనే మొదలవ్వాలి కదా? ఆదా చేయిస్తే లాభం ఉన్నచోట మీటరు లేదు, మీటరు ఉన్నచోట ఆదా చేయిస్తే నష్టం. ఇదీ మన పరిస్థితి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఉచిత విద్యుత్ ఇచ్చారు, ఆ తర్వాత కొన్ని షరతులు పెట్టారు: కెపాసిటర్, ఐఎస్ఐ మార్కు పంపుసెట్, రాపిడి తక్కువుండే ఫుట్‌వాల్వ్, మంచి పైపులు. సాంకేతికంగా నాలుగూ సరైనవే. కానీ బాధ్యత రైతు మీద పడింది, డిస్కం మీద కాదు. కరెంటు ఉచితమైన చోట కెపాసిటర్‌కు డబ్బు పెట్టి రైతుకు వచ్చేదేమిటి? వోల్టేజీ మెరుగై మోటారు కాలిపోకుండా ఉంటుంది, కానీ అది పక్క రైతులు కూడా పెట్టినప్పుడే. ఇక వాడకాన్ని, కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి నమూనా లెక్కతో అంచనా వేస్తూ వచ్చారు. అంచనా మీద నిలబడ్డ బేస్‌లైన్‌లోంచి ఆదా తీసి చూపిస్తే, లైన్ లాస్ ఎంత, చౌర్యం ఎంత, నిజంగా పంపు తాగింది ఎంత అని విడదీయడం తనిఖీకి వెళ్లినవాడి తరం కాదు.

వ్యవసాయ ఫీడర్లను విడిగా తీసిన చోట ఇప్పుడు ఒక దారి ఉంది. రైతు మోటారుకు మీటరు పెట్టకుండానే ఫీడర్ మొదట్లో ఉన్న మీటరుతో ఆ గుంపు మొత్తాన్ని కొలవొచ్చు. పంపులు మార్చిన ఫీడర్, మార్చని ఫీడర్, రెండూ ఒకే తాలూకాలోవి తీసుకుని పోల్చాలి. ఒకే ఫీడర్‌ను ముందు ఏడాదితో పోలిస్తే మాత్రం కుదరదు. వానలు బాగా పడిన ఏడాది బోర్లలో నీళ్లు పైకొస్తాయి, మోటార్లు తక్కువ గంటలు నడుస్తాయి, పంపు పథకం పేరు మీద వాన చేసిన ఆదా కూడా ఖాతాలో పడుతుంది. కరువు ఏడాది ఇది తలకిందులవుతుంది: మంచి పంపులు పెట్టినా వాడకం పెరిగినట్టే కనిపిస్తుంది. ఇలాంటి పథకం ఉత్తర్వు ఎప్పుడైనా మీ చేతికి వస్తే, లక్ష్యం రాసిన పేజీ పక్కన పెట్టి, వెనకనున్న అనుబంధాల్లో భూగర్భ నీటిమట్టానికి సర్దుబాటు ఎలా చేస్తారో రాశారా లేదా అన్నది ముందు వెతకండి.